పాన్, పీపీపీఓఈ, సీజీనాట్, డీఎన్‌ఎస్: ఇంటి నెట్‌లో ఏ మాట ఎక్కడిది?

వాల్తేరు_నాలుగో_అంతస్తు

అందరికీ నమస్కారం. పెదవాల్తేరులో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, మాది నాలుగో అంతస్తు. ఫైబర్ కనెక్షన్, ప్లాను 150 ఎంబీపీఎస్. గోడకి కంపెనీవాళ్లు బిగించిన తెల్ల డబ్బా ఉంది. దాని మీద పవర్, పాన్, లాస్, లాన్, డబ్ల్యూలాన్ అని లైట్లు. అక్కడి నుంచి బాల్కనీ మీదుగా లాన్ కేబుల్ లాగి హాల్లో సొంత రౌటరు పెట్టాం. కింద పార్కింగులో నాలుగు కెమెరాల డీవీఆర్ (దృశ్యాలు రికార్డు చేసే పెట్టె), అది కూడా కేబుల్‌తో మా రౌటరుకే కలిపి ఉంది.

ఇప్పుడు పరిస్థితి ఇదీ. ఫోన్లో వైఫై స్పీడ్ టెస్టు 38 దాటదు. ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో రౌటరుకి కలిపితే 94 దగ్గర ఆగిపోతుంది, ఏ వేళలో చూసినా అంతే. డీవీఆర్ ఇంట్లో ఫోన్లో కనిపిస్తుంది, బయటికి వెళితే కనిపించదు. 8000, 37777 పోర్టులు ఫార్వర్డ్ చేసినా ఫలితం లేదు. వర్షం పడితే పాన్ లైటు మినుకుమినుకుమంటుంది, నెట్ పోతుంది. తెల్ల డబ్బా పేజీలో రిసీవ్ పవర్ -26.1 డీబీఎం అని ఉంది.

వచ్చిన సర్వీసు అబ్బాయి "డబుల్ నాట్ సార్, బ్రిడ్జ్ చెయ్యాలి, చేసినా సీజీనాట్ ఉంది" అన్నాడు. కాల్ సెంటర్ వాళ్లు డీఎన్‌ఎస్ మార్చమన్నారు. రౌటరు పేజీలో వాన్ ఐపీ (బయటి వైపు చిరునామా) 192.168.1.4, తెల్ల డబ్బా పేజీలో వాన్ ఐపీ 100.71తో మొదలవుతుంది, 'నా ఐపీ ఎంత' అని చూపించే సైటులో మూడోది ఇంకేదో. ఒక ఇంటికి మూడు ఐపీలేమిటి?

అక్షరక్రమంలో అర్థాల పట్టిక వద్దండీ, అది ఎక్కడైనా దొరుకుతుంది. ఈ మాటల్లో ఏది మా ఇంట్లో ఏ ముక్కకి సంబంధించిందో తెలిస్తే, ఎవరిని ఏం అడగాలో తెలుస్తుంది.

---

ఫైబర్_పంతులు

మీ పోస్టులో నాలుగు వేర్వేరు సమస్యలున్నాయి. దేనికదే, ఒకదాని వల్ల ఇంకోటి రాలేదు. కాబట్టి ఒక్క మందుతో అన్నీ తగ్గుతాయని చెప్పేవాళ్లని నమ్మకండి.

దారిని ముక్కలు చేసుకోండి. స్తంభం నుంచి తెల్ల డబ్బా దాకా వచ్చేది కాంతి. డబ్బా నుంచి రౌటరుకి, ల్యాప్‌టాప్‌కి వెళ్లేది రాగి తీగ. రౌటరు నుంచి ఫోనుకి రేడియో. ఈ మూడింటి మీదా నడిచేవి చిరునామాలూ పేర్లూ. ఓఎన్‌టీ, పాన్, లాస్, డీబీఎం మొదటి ముక్క మాటలు. ఎంబీపీఎస్, గిగాబిట్, క్యాట్ 6 రాగివి. 2.4, 5 గిగాహెర్ట్జ్, చానల్ రేడియోవి. ఐపీ, నాట్, డీహెచ్‌సీపీ, డీఎన్‌ఎస్, పోర్టు పైన నడిచేవి. నేను కాంతి సంగతి చెబుతాను, మిగతావి తెలిసినవాళ్లు అందుకుంటారు.

మీ తెల్ల డబ్బా పేరు ఓఎన్‌టీ. కొందరు మోడెం అంటారు, ఓఎన్‌యూ అని కూడా అంటారు, మీకు తేడా అక్కర్లేదు. కంపెనీ వైపు ఉన్న పెద్ద యంత్రం ఓఎల్‌టీ. మధ్యలో స్ప్లిటర్ అనే చిన్న గాజు పరికరం ఒక పోగులోని కాంతిని 8, 16, 32 లేదా 64 ఇళ్లకి పంచుతుంది. దానికి కరెంటు అక్కర్లేదు, అందుకే దీన్ని పాసివ్ ఆప్టికల్ నెట్‌వర్క్ అంటారు. పాన్ అంటే అదే. ఇళ్లలో ఎక్కువగా ఉండేది జీపాన్: ఓఎల్‌టీలో ఒక సాకెట్ మీదున్న ఇళ్లన్నిటికీ కలిపి దిగువకి 2.488 గిగాబిట్లు, ఎగువకి 1.244. దిగువకి 1490 నానోమీటర్లు, ఎగువకి 1310. రెండూ కంటికి కనపడని కాంతి. కాబట్టి కేబుల్ పీకి చివర్లో వెలుగు వస్తోందా అని కన్ను పెట్టి చూడకండి. కనపడదు, పైగా కంటికి మంచిది కాదు.

లైట్లు ఇలా చదవాలి. పాన్ నిలకడగా వెలిగితే ఓఎల్‌టీ మీ డబ్బాని గుర్తుపట్టింది. లాస్ ఎర్రగా వెలిగితే కాంతి అసలు చేరడం లేదు: తెగింది, గట్టిగా వంగింది, లేదా కనెక్టరు ఊడింది. లాస్ ఆరిపోయి ఉండి పాన్ మాత్రం మినుకుతుంటే కాంతి వస్తోంది కానీ నమోదు కుదరడం లేదు. సాధారణంగా కాంతి బలహీనపడటమే కారణం, డబ్బా మార్చిన కొత్తలో అయితే దాని సీరియల్ నంబరు కంపెనీ వైపు ఎక్కించకపోవడం.

ఇక -26.1 డీబీఎం, అంటే డబ్బాకి చేరే కాంతి బలం. మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ కాంతి తగ్గుతుంది, ప్రతి 3 డీబీకీ సగం అవుతుంది. ఇళ్లలో పెట్టే బీ ప్లస్ తరగతి ఓఎన్‌టీ -8 నుంచి -27 మధ్యలో పనిచేసేలా తయారవుతుంది. ఓఎల్‌టీ సుమారు +3తో పంపుతుందనుకోండి. 32 ఇళ్ల స్ప్లిటర్ దగ్గర 17 పోతుంది, మూడు కిలోమీటర్ల ఫైబర్‌లో ఒకటి, కనెక్టర్లూ అతుకులూ కలిపి రెండు. ఇంట్లో -17 దగ్గర ఉండాలి. 64 ఇళ్ల స్ప్లిటర్ అయినా -20, -21. మీకు -26 అంటే రావలసిన కాంతిలో ఎనిమిదో వంతో, ఇంకొంచెం ఎక్కువో వస్తోంది. -27 గీత మీద కూర్చుని ఉన్నారు, జాయింట్ బాక్సులోకి నాలుగు చుక్కల నీళ్లు దిగితే ఆ గీత దాటిపోతారు. వర్షానికి పాన్ లైటు ఆడేది అందుకే.

చూడవలసినవి: ఇంట్లోకి వచ్చే సన్నటి డ్రాప్ కేబుల్ కిటికీ చట్రం దగ్గర నలిగిందా, 3 సెంటీమీటర్ల కంటే చిన్న వంపు తిరిగిందా, మేకు కింద నొక్కుకుందా. కనెక్టరు రంగు చూడండి: ఆకుపచ్చ ఏపీసీ, నీలం యూపీసీ. ఆకుపచ్చదాని కొన 8 డిగ్రీలు ఏటవాలుగా చెక్కి ఉంటుంది, దాన్ని నీలం సాకెట్లో దూర్చినా అమరినట్టే కనిపిస్తుంది, కాంతి మాత్రం భారీగా పోతుంది. ఈ పొరపాటు మన ఊళ్లో చాలా ఇళ్లలో ఉంది.

ఫోన్ చేసినప్పుడు "నెట్ స్లో" అనకండి, అలా అంటే స్పీడ్ టెస్టు చేయమని పెట్టేస్తారు. "రిసీవ్ పవర్ మైనస్ 26, వర్షంలో పాన్ బ్లింక్ అవుతోంది, పవర్ మీటర్ ఉన్నవాళ్లని పంపండి" అనండి. వచ్చినవాళ్లని స్తంభం దగ్గర 1490లో ఒకసారి, ఇంట్లో ఒకసారి కొలవమనండి. అక్కడ -18, ఇక్కడ -26 అయితే మీ డ్రాప్ కేబుల్ మార్చాలి. అక్కడే -25 అయితే తప్పు ఇంకా పైన ఉంది, మీ ఇంట్లో ఎన్ని మార్చినా దండగ.

ఒక మాట: 94కీ దీనికీ సంబంధం లేదు. కాంతి తగ్గితే నెట్ తెగుతుంది, తప్పులు పెరుగుతాయి. ఏ వేళ చూసినా ఒకే అంకె దగ్గర ఆగదు.

---

గాజువాక_లాన్

94 అనే అంకె చూడగానే నవ్వొచ్చింది. అది స్పీడు కాదు గురువుగారూ, సంతకం. 100 ఎంబీపీఎస్ లింకు మీద హెడర్లు (ప్రతి డేటా ముక్కకీ తగిలించే చిరునామా చీటీలు) పోగా మిగిలేది దాదాపు 94, 95. అంటే దారిలో ఎక్కడో ఒక లింకు గిగాబిట్‌కి బదులు 100 దగ్గర కుదిరింది. మీ ప్లాను 150 అయినా 500 అయినా ఆ సందులోంచి 94 మించి దూరదు.

అదేటంటే, 100కి రెండు జతల తీగలు చాలు, కనెక్టరులో 1, 2, 3, 6 పిన్నులు. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. నీలం జతలోనో గోధుమ జతలోనో ఒక్క తీగ పోయినా రెండు పరికరాలూ మాట్లాడుకుని బుద్ధిగా 100కి దిగిపోతాయి. లైటు వెలుగుతాది, నెట్ వస్తాది, ఎవరికీ అనుమానం రాదు. ల్యాప్‌టాప్‌లో ఈథర్నెట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి లింక్ స్పీడ్ చూడండి. 100/100 ఉంటే ల్యాప్‌టాప్‌కీ రౌటరుకీ మధ్య కేబుల్ అనుమానించండి. 1000/1000 ఉంటే తెల్ల డబ్బాకీ రౌటరుకీ మధ్య. రౌటరు స్టేటస్ పేజీలో వాన్ పోర్టు స్పీడు చాలావాటికి కనిపిస్తుంది.

బాల్కనీ మీదుగా కేబుల్ అన్నారు కదా, నా అనుమానం దాని మీదే. వాల్తేరులో ఉప్పుగాలి. బయట తిరిగే కేబుల్ చివర ఆర్‌జే45 కనెక్టరు పిన్నులు పచ్చగా నల్లగా పట్టీసి ఉంటాయి. పైగా బజార్లో చవగ్గా వచ్చేవాటిలో చాలావరకు సీసీఏ, అల్యూమినియం మీద రాగి పూత. వంచితే లోపల విరుగుద్ది, తేమకి తినీస్తాది. బ్లేడుతో తీగ గీరి చూస్తే తెల్లగా కనపడిపోద్ది. పూర్తి రాగి క్యాట్ 6 అడగండి, బయట తిరిగే ముక్కకి నల్ల తొడుగు ఉన్న అవుట్‌డోర్ రకం. ఇంటికి క్యాట్ 5ఈ కూడా సరిపోద్ది, 100 మీటర్ల దాకా గిగాబిట్ ఇస్తాది. క్యాట్ 7, క్యాట్ 8 అని అంటగట్టేవాళ్లకి దణ్ణం పెట్టీండి.

క్రింప్ చేసేవాడు, అంటే కనెక్టరు బిగించేవాడు, రెండు వైపులా ఒకే వరస పెట్టాలి. టీ568బీ వరస: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రంగుల్ని పక్కపక్కనే వరసగా పెట్టేస్తే, అంటే ఆకుపచ్చ జత మొత్తం ఒక చోట, నీలం జత ఒక చోట, టెస్టరులో ఎనిమిది లైట్లూ వెలుగుతాయి గానీ మెలి జతలు చెదిరిపోయి లింకు తడబడతాది. చవక టెస్టరు ఈ తప్పు పట్టలేదు.

రౌటరు కొనేటప్పుడు పెట్టె మీద "1200 ఎంబీపీఎస్" అని పెద్దగా వేసి, వెనక పోర్టులు మాత్రం 10/100 ఇచ్చే మోడళ్లున్నాయి. అలాంటిది మీ చేతిలో ఉంటే ఏ కేబుల్ మార్చినా 94యే. 10/100/1000 అని రాసి ఉండాలి.

38 సంగతి. మీ ఫోను 2.4 గిగాహెర్ట్జ్ మీద ఉంది. వైఫై 4, 20 మెగాహెర్ట్జ్ వెడల్పు, ఒక్క యాంటెనా: లింకు 72 అని చూపిస్తాది, చేతికి అందేది అందులో సగం. 35 నుంచి 45. సరిగ్గా మీ అంకె. అదే ఫోను 5 గిగాహెర్ట్జ్ మీద 80 వెడల్పుతో కలిస్తే ఒక్క యాంటెనాకే లింకు 433. మీ ప్లాను మొత్తం వచ్చీస్తాది, గోడలు అడ్డం లేకపోతే. ఆర్‌సీసీ గోడలు రెండు దాటాక 5 నీరసపడిపోద్ది, అక్కడ 2.4యే దిక్కు. ఫోన్లో సిగ్నలు కూడా డీబీఎంలోనే చూపిస్తారు, -67 కంటే బాగుంటే వీడియో కాల్‌కి ఢోకా లేదు, -75 దాటితే కష్టం.

2.4లో మన దేశంలో 13 చానళ్లున్నా ఒకదాని మీద ఒకటి పడనివి 1, 6, 11 మాత్రమే. అపార్ట్‌మెంట్లో అందరూ 40 వెడల్పు పెట్టుకుని కొట్టుకుంటారు. మీరు 20కే ఉంచండి. 5లో 36 నుంచి 48, లేదా 149 నుంచి 161 పెట్టుకోండి. మధ్యలో 52 నుంచి 144 దాకా ఉన్నవి డీఎఫ్‌ఎస్ చానళ్లు, రేడార్ గాని వినపడితే రౌటరు ఆ చానలు వదిలి పారిపోవాలని నియమం. హార్బరు, నేవీ, ఎయిర్‌పోర్టు ఉన్న ఊరు మనది, అటు వెళ్లకపోతేనే మేలు.

చివరగా, ఎంబీపీఎస్‌లో బీ అంటే బిట్టు. డౌన్‌లోడ్ విండోలో కనపడేది బైట్లు. 150ని 8తో భాగిస్తే 18.75. అక్కడ 17, 18 వస్తుంటే మీకు అన్యాయమేం జరగలేదు.

---

ప్యాకెట్_పరమేశం

చిరునామాల సంగతి నాకు వదిలెయ్యండి.

మూడు ఐపీలు ఎందుకంటే మూడు చోట్ల నాట్ జరుగుతోంది. నాట్ అంటే ఆఫీసులో ఈపీఏబీఎక్స్ లాంటిది: బయటికి ఒకటే 0891 నంబరు, లోపల ఇరవై ఎక్స్‌టెన్షన్లు. లోపలివాళ్లు బయటికి చేస్తే ఇబ్బంది లేదు, ఎవరు చేశారో పెట్టె గుర్తుపెట్టుకుంటుంది, జవాబు వాళ్లకే అందిస్తుంది. బయటివాళ్లు చేస్తేనే ఎవరికివ్వాలో తెలియదు. "37777 పోర్టు నంబరుకి వచ్చినది ఫలానా ఎక్స్‌టెన్షన్‌కి ఇవ్వు" అని ముందే రాసిపెట్టడమే పోర్ట్ ఫార్వర్డింగ్.

లోపలి వాడకానికి కేటాయించిన చిరునామాలు మూడు వరసలు: 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా, 192.168తో మొదలయ్యేవి. ఇవి ఎవరింట్లో అయినా ఉండొచ్చు, బయటి ఇంటర్నెట్‌లో చెల్లవు. ఐపీవీ4లో మొత్తం చిరునామాలు సుమారు 429 కోట్లు, ప్రపంచానికి చాలవు కాబట్టి ఈ ఏర్పాటు. అది కూడా చాలక కంపెనీలే తమ దగ్గర ఇంకో నాట్ పెట్టాయి, వందల ఇళ్లకి కలిపి ఒక పబ్లిక్ ఐపీ. అదే సీజీనాట్. దానికోసం 2012లో ప్రత్యేకంగా ఒక వరస కేటాయించారు: 100.64.0.0 నుంచి 100.127.255.255 దాకా. మీ 100.71 అందులోదే.

అంటే మీ ఇంట్లో బహుశా 192.168.0 వరస ఒకటి మీ రౌటరు లోపల, 192.168.1 వరస తెల్ల డబ్బా లోపల, 100.71 కంపెనీ లోపల. సైటులో కనిపించే మూడోదే అసలు పబ్లిక్ ఐపీ, అది మీ ఒక్కరిదీ కాదు. మీ రౌటరులో ఎన్ని పోర్టులు తెరిచినా బయటి పిలుపు కంపెనీ పెట్టె దగ్గరే ఆగిపోతుంది. సర్వీసు అబ్బాయి చెప్పింది నిజమే, విడమరిచి చెప్పలేదు అంతే.

డబుల్ నాట్ తీయడానికి రెండు దారులు.

మొదటిది బ్రిడ్జ్ మోడ్. తెల్ల డబ్బా రౌటరు పని మానేసి కాంతిని రాగిలోకి మార్చే పని మాత్రమే చేస్తుంది. అప్పుడు పీపీపీఓఈ లాగిన్ మీ రౌటరులో పెట్టాలి. పీపీపీఓఈ అంటే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లైనుని తెరిచే పద్ధతి. దానికి మూడు వివరాలు కావాలి: యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీలాన్ నంబరు (ఒకే తీగలో మీ నెట్‌ని విడిగా గుర్తించే నంబరు). మూడోది చాలామంది అడగరు, అది లేక "సర్వర్ స్పందించడం లేదు" అన్న ఎర్రర్ దగ్గర గంటలు గడుపుతారు. కొన్ని కంపెనీలు మ్యాక్ అడ్రసు (పరికరానికి ఉండే గుర్తింపు నంబరు) కూడా కట్టేసి ఉంచుతాయి, కొత్త పరికరం పెడితే వాళ్లే విడుదల చేయాలి.

రెండోది తేలిక. మీ రౌటరునే యాక్సెస్ పాయింట్‌గా (ఏపీ, వైఫై పంచడం మాత్రమే చేసేది) మార్చడం. మెనూలో ఏపీ మోడ్ ఉంటే అది నొక్కితే సరి. లేకపోతే: రౌటరు లాన్ ఐపీని 192.168.1.2 చెయ్యండి, డీహెచ్‌సీపీ ఆపెయ్యండి, తెల్ల డబ్బా నుంచి వచ్చే కేబుల్‌ని వాన్ పోర్టు నుంచి తీసి లాన్ పోర్టులో పెట్టండి. డీహెచ్‌సీపీ అంటే ఇంట్లో పరికరాలకి చిరునామాలు అద్దెకిచ్చేది, ఇంటికి ఒకటే ఉండాలి. ఆపడం మరిస్తే కొన్ని ఫోన్లకి గేట్‌వేగా (బయటికి వెళ్లే ద్వారంగా) 192.168.1.2 వస్తుంది, అటు దారి లేదు. వైఫై నిండుగా ఉంటుంది, నెట్ ఉండదు, అదీ కొన్ని ఫోన్లకే. ఏదైనా పరికరానికి 169.254తో మొదలయ్యే ఐపీ కనిపిస్తే దానికి అద్దెకిచ్చేవాళ్లే దొరకలేదని అర్థం. డీవీఆర్‌కి చేత్తో ఐపీ పెట్టి ఉంటే ముందే 192.168.1 వరసలోకి, గేట్‌వే 192.168.1.1కి మార్చండి, లేకపోతే ఇంట్లో కూడా కనపడదు.

డీవీఆర్‌కి మాత్రం ఈ రెండూ చాలవు, సీజీనాట్ మిగిలే ఉంటుంది. కంపెనీని స్టాటిక్ పబ్లిక్ ఐపీ అడగొచ్చు, విడిగా డబ్బు కట్టాలి. లేదా డీవీఆర్ మెనూలో పీ2పీ అని ఉంటుంది, క్యూఆర్ కోడు స్కాన్ చేస్తే డీవీఆరే బయటికి ఫోన్ చేసి లైను పట్టుకుని కూర్చుంటుంది, బయటి నుంచి ఎవరూ పిలవనక్కర్లేదు. మీ అవసరానికి నేనైతే ఇదే చెబుతాను.

పబ్లిక్ ఐపీ తీసుకుని పోర్టు తెరిస్తే ప్రపంచమంతటికీ తెరిచినట్టే. 2016లో మిరాయ్ అనే పురుగు ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాల్ని, డీవీఆర్‌లని లక్షల్లో పట్టుకుంది. ఆ అక్టోబరు 21న వాటిలో కొన్నిటితో డైన్ అనే డీఎన్‌ఎస్ కంపెనీ మీద దాడి చేయిస్తే అమెరికాలో పెద్దపెద్ద సైట్లు తెరుచుకోలేదు. ముందు అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి.

---

మధురవాడ_రూట్

పరమేశం గారూ, బాగా చెప్పారు. ఒక్క సవరణ: బ్రిడ్జ్‌నీ ఏపీ మోడ్‌నీ సమానంగా పెట్టారు, కానీ వీళ్లకి ఏపీ మోడే సరైనది. బ్రిడ్జ్ చేస్తే చాలా ఓఎన్‌టీల్లో ఫోను పోర్టు, టీవీ సర్వీసు మళ్లీ అమర్చుకోవాలి, రేపు నెట్ పోతే "సొంత రౌటరు కదా సార్" అని తప్పించుకునే వీలు కంపెనీకి దొరుకుతుంది. స్టాటిక్ ఐపీ కొన్నవాళ్లకే బ్రిడ్జ్ శ్రమకి ఫలితం.

కాల్ సెంటర్ చెప్పిన డీఎన్‌ఎస్ సంగతి. డీఎన్‌ఎస్ పని పేరుని ఐపీగా మార్చడం, అంతే. అది మారిస్తే 94 కాస్తా 150 కాదు. పేజీ తెరిచేటప్పుడు మొదటి అడుగు కొన్ని మిల్లీసెకన్లు ముందు పడొచ్చు, పేరు దొరికాక డేటా వచ్చే దారిలో డీఎన్‌ఎస్ ఉండదు. మార్చవలసిన సందర్భం ఒకటే: కమాండ్ ప్రాంప్ట్‌లో 8.8.8.8కి (గూగుల్ డీఎన్‌ఎస్ సర్వరు) పింగ్, అంటే ఉన్నావా అని పంపే చిన్న పిలుపు, జవాబిస్తోంది, సైటు పేరుతో పింగ్ చేస్తే "దొరకలేదు" అంటోంది. అప్పుడు తప్పు కచ్చితంగా అక్కడే, 1.1.1.1 గాని 8.8.8.8 గాని పెట్టి చూడండి. 8.8.8.8కే జవాబు రాకపోతే డీఎన్‌ఎస్‌ని తిట్టడం అనవసరం, గేట్‌వే 192.168.1.1కి పింగ్ చేసి ఇంట్లోనో బయటో తేల్చుకోండి.

స్పీడుకీ పింగ్‌కీ తేడా కూడా చెప్పుకోవాలి, పిల్లలు గేములాడే ఇళ్లలో గొడవంతా దీని మీదే. ఎంబీపీఎస్ ఎంత డేటా వస్తుందో చెబుతుంది, పింగ్ ఎంతసేపటికి జవాబు వస్తుందో చెబుతుంది. ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే ప్రతి వంద కిలోమీటర్లకి రానూపోనూ ఒక మిల్లీసెకను. విశాఖ నుంచి చెన్నై తిన్నగా 600, ముంబై 1100, సింగపూర్ 2900 కిలోమీటర్ల దాకా ఉంటాయి. కాబట్టి సింగపూర్ సర్వర్ గేముకి 29 మిల్లీసెకన్ల కంటే తక్కువ పింగ్ ఏ ప్లాను కొన్నా రాదు. కేబుళ్లు తిన్నగా వెళ్లవు కాబట్టి వాస్తవంలో అంతకంటే ఎక్కువే.

ఇంట్లో ఎవరో వీడియోలు అప్‌లోడ్ చేస్తుంటే మాత్రం 15 ఉండే పింగ్ 200కి ఎగురుతుంది. దాన్ని బఫర్‌బ్లోట్ అంటారు, ప్యాకెట్లు రౌటరు ముందు వరస కడతాయి. రౌటరులో ఎస్‌క్యూఎమ్ గాని క్యూఓఎస్ గాని (ఈ వరసని అదుపు చేసే సెట్టింగులు) ఉంటే అప్‌లోడ్ పరిమితిని అసలు వేగంలో 90 శాతానికి పెట్టండి. వేగం కొంచెం వదులుకుంటే పింగ్ నిలకడగా ఉంటుంది.

ఈమధ్య "వైజాగ్‌కి సముద్రపు కేబుల్ వస్తోంది, ఇక మన నెట్ దూసుకుపోతుంది" అని వాట్సాప్‌లో తిరుగుతోంది. 2025 అక్టోబరులో గూగుల్ ఇక్కడ ఏఐ హబ్‌తో పాటు అంతర్జాతీయ సముద్ర కేబుళ్ల గేట్‌వే కూడా కడతామని ప్రకటించిన మాట నిజమే. దానివల్ల విదేశీ సర్వర్ల దారి దగ్గర కావచ్చు. బాల్కనీలో తుప్పు పట్టిన ఆర్‌జే45 మాత్రం అప్పుడూ 94యే ఇస్తుంది.

---

వాల్తేరు_నాలుగో_అంతస్తు

అందరికీ ధన్యవాదాలండీ. ల్యాప్‌టాప్‌లో లింక్ స్పీడ్ 1000/1000 ఉంది. రౌటరు పేజీలో వాన్ పోర్టు 100 ఫుల్ డూప్లెక్స్ అని చూపిస్తోంది, పోర్టు మాత్రం గిగాబిట్టే అని పెట్టె మీద ఉంది. కాబట్టి బాల్కనీ కేబులే. బ్లేడుతో గీరితే లోపల తెల్లగా ఉంది. 5 గిగాహెర్ట్జ్‌కి విడిగా పేరు పెట్టి ఫోను కలిపితే 91 వచ్చింది.

రెండు సందేహాలు. మా కింది ఫ్లాటువాళ్లకి బ్రిడ్జ్ చేసిపెట్టారు, వాళ్లకి కొన్ని సైట్లు తెరుచుకుంటాయి, కొన్ని తిరుగుతూనే ఉంటాయి, ఎందుకు? ఇంకోటి, రౌటరులో ఫోనుకి ఐపీ రిజర్వ్ చేశాను, కొన్నాళ్లకి మారిపోతోంది.

---

గాజువాక_లాన్

91 అంటే మీ ఫోను ఇప్పుడు ఆ బాల్కనీ కేబుల్ దగ్గరే ఆగింది. కేబుల్ మార్చీండి, మళ్లీ చూడండి. మార్చేటప్పుడు బయట ఎక్కడా అతుకు వెయ్యొద్దు, ఒకటే ముక్క. బాల్కనీలో కిందకి ఒక వంపు వదిలి అప్పుడు గోడలోకి తీసుకోండి, నీళ్లు ఆ వంపు దగ్గర కారిపోతాయి, కేబుల్ వెంట లోపలికి రావు.

---

ప్యాకెట్_పరమేశం

కింది ఫ్లాటువాళ్లది ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) సమస్య. ఈథర్నెట్‌లో ఒక ప్యాకెట్ 1500 బైట్ల దాకా ఉండొచ్చు, పీపీపీఓఈ తన హెడర్ కోసం అందులో 8 తీసుకుంటుంది, మిగిలేది 1492. రౌటరులో 1500 అలాగే ఉండిపోతే పెద్ద ప్యాకెట్లు దారిలో పడిపోతాయి. "తగ్గించి పంపు" అనే ఐసీఎంపీ కబురుని కొన్ని ఫైర్‌వాల్స్ ఆపేస్తాయి, అలాంటి సైట్లే తిరుగుతూ ఉండిపోతాయి. చిన్న ప్యాకెట్లతో పని జరిగేవి బాగానే వస్తాయి, అందుకే కొన్నే ఆగుతాయి.

పరీక్ష ఇది: విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో 8.8.8.8కి పింగ్ ఇస్తూ, ముక్కలు చేయకు అనే ఎఫ్ ఆప్షన్, సైజు చెప్పే ఎల్ ఆప్షన్ కలిపి 1464 పెట్టండి. ఐపీ హెడర్ 20, ఐసీఎంపీ 8 కలిస్తే సరిగ్గా 1492. జవాబు వస్తే సరే. రాకపోతే జవాబు వచ్చేదాకా సైజుని పదేసి తగ్గించుకుంటూ రండి, వచ్చిన సైజుకి 28 కలిపి ఆ అంకెని వాన్ సెట్టింగ్స్‌లో ఎంటీయూగా పెట్టమనండి. ప్యాకెట్ సైజుని రౌటరే తగ్గించుకునే ఎంఎస్‌ఎస్ క్లాంపింగ్ అనే గడి కనిపిస్తే టిక్ చెయ్యమనండి, చాలా రౌటర్లలో అదొక్కటే సరిపోతుంది.

ఫోను ఐపీ మారడం మ్యాక్ వల్ల. రిజర్వేషన్ మ్యాక్ అడ్రసు చూసి ఇస్తారు, అది 48 బిట్ల గుర్తు, 12 అక్షరాలూ అంకెలుగా కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు మ్యాక్ దాచి ఒక్కో వైఫైకి ఒక్కో నకిలీ మ్యాక్ చూపిస్తున్నాయి. వైఫై పేరు మార్చినా, మర్చిపో అని నొక్కి మళ్లీ కలిపినా కొత్తది రావచ్చు. మీ ఇంటి వైఫైకి మాత్రం ఫోన్లో ప్రైవసీ దగ్గర 'పరికరం మ్యాక్' ఎంచుకోండి, ఐఫోన్ అయితే 'ప్రైవేట్ అడ్రస్' ఆపండి. ఆ తర్వాత పాత రిజర్వేషన్ తీసేసి కొత్త మ్యాక్‌తో మళ్లీ పెట్టండి. బయటి వైఫైల దగ్గర నకిలీదే ఉండనివ్వండి.